కోయ్ హార్గెట్ వీరాభిమాని మా మరిది

చచ్చినవాడి కళ్ళు చారెడేసి అంటారు. కోయ్ హార్గెట్ పోయిన వారంలో ఆయన కళ్ళు చారెడేసి కాదు, కుంచమంతయ్యాయి. చివరి పదేళ్ళూ ఆ మనిషి మా కేలర్స్ గ్యాప్ ఊళ్ళోనే ఉన్నాడు. కొట్లో బెండకాయలు విరిచి చూసి ఏరుకునేవాడు. ఒక చెవి వినపడక ధర రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆదివారం వాళ్ళమ్మ వెళ్ళిన చర్చిలోనే వెనక బల్ల మీద కూర్చునేవాడు. అప్పుడు ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పోయాడని రేడియోలో చెప్పగానే జార్జియా నుంచి, టెనెసీ నుంచి, ఫ్లారిడా నుంచి గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు బిలబిలమంటూ దిగబడ్డారు. పొట్టలు పట్టని నల్ల చొక్కాలు, వాటి మీద 'స్లో ఫెర్రీ' అని ఆయన గిటారు వాయించిన బ్యాండు పేరు, దాని కింద కోయ్ కుర్రతనపు బొమ్మ. పెట్రోలు బంకు దగ్గర ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. కన్నతండ్రి పోయినప్పుడు వాళ్ళలో ఒక్కడైనా అంత ఏడ్చాడంటే నేను నమ్మను.

కోయ్ చేతివాటాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. పగిలిన సీసా మెడ ముక్కని వేలికి తొడుక్కుని తీగల మీద జార్చాడంటే ఆ గిటారు మనిషిలాగే మూలిగేది. నా షాపులో ఆయన పాట వస్తే జుట్టు ఆరబెట్టే మిషను ఆపేసి మరీ వినేదాన్ని. వినడం వేరు, వాయించినవాడి పేరు చెప్పుకుని బతకడం వేరు. ఆ రెండో విద్యలో మా మరిది వెండెల్ టిడ్‌మోర్‌ని మించినవాడు అలబామా మొత్తం మీద లేడు.

నా పేరు నెల్డా. ఊరి నడిబొడ్డున ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే షాపు నాది. వెండెల్ నా చెల్లెలు వాండా మొగుడు. వాడి గురించి మంచిగా చెప్పేవాళ్ళు కావాలంటే నా షాపుకి రాకండి.

వాడి తండ్రి మేజోళ్ళ మిల్లులో రంగు తొట్ల దగ్గర పనిచేసేవాడు. వెండెల్ కూడా చదువు మధ్యలో వదిలేసి ఆ మిల్లులోనే చేరాడు. మేజోళ్ళకి వేళ్ళ దగ్గర మూతి కుట్టే మిషను మీద వాండా పని. పాడైన మిషన్లు బాగుచేసే మేస్త్రీ వెనకాల పానాలు మోసే పని వీడిది. అందరి మిషన్లూ నెలకోసారి పాడైతే వాండా మిషను రోజూ పాడయ్యేది. అదెందుకో నాకు అప్పుడే అర్థమైంది, మా అమ్మకే ఆలస్యంగా అర్థమైంది. మనిషి చూడ్డానికి బాగానే ఉండేవాడు, ఆ మాట కాదనను. నోరే మిల్లు సైరను.

కోయ్ హార్గెట్ బళ్ళో వీడికంటే మూడు తరగతులు పైన. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు, అది నిజమే. ఆ బస్సులో ఊళ్ళో సగం మంది పిల్లలు వెళ్ళేవాళ్ళు, నేనూ వెళ్ళాను. కానీ వెండెల్ చెబుతుంటే ఆ బస్సులో వాడూ, కోయూ, డ్రైవరూ తప్ప నాలుగో మనిషి ఉన్నట్టు అనిపించదు. కోయ్ ఒకసారి వీడి టోపీ కిటికీలోంచి బయటికి విసిరేశాడు. దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేవాడు.

పెళ్ళైన రెండో ఏడు వాండా కడుపుతో ఉంది. స్లో ఫెర్రీ అట్లాంటాలో వాయిస్తోందని, దాన్ని రికార్డుగా తెస్తారని విని వెండెల్ టికెట్టు కొన్నాడు. సరిగ్గా ఆ శనివారమే వాండాకి నొప్పులు వచ్చాయి. అప్పటికి ఏడో నెలే. మా అమ్మా నేనూ ఊళ్ళో లేం, మొబీల్‌లో మా పిన్నికి ఆపరేషనైతే అక్కడున్నాం. వెండెల్ దాన్ని కౌంటీ ఆసుపత్రిలో చేర్చాడు. ఇవి ఉత్త నొప్పులు కావచ్చు, రాత్రికి ఉంచి చూద్దామన్నారట. సరే, పొద్దున్నే వచ్చేస్తానని చెప్పి వీడు ట్రక్కెక్కి అట్లాంటా పోయాడు.

అవి ఉత్త నొప్పులు కావు. ఆ రాత్రే మగపిల్లాడు పుట్టాడు, తెల్లారేలోపే పోయాడు. పుట్టిన క్షణం నుంచి పోయే క్షణం దాకా వాణ్ణి వాండా ఒక్కతే ఎత్తుకుంది. మొగుడుగారు పొద్దెక్కాక వచ్చి, కచేరీ చూసొచ్చానన్నారు.

మౌంట్ పిస్గా చర్చి వెనక ఆ పసివాణ్ణి పూడుస్తుంటే నేను అందరి ముందూ వెండెల్‌ని నోటికొచ్చిన తిట్లు తిట్టాను. వాండా నా చెయ్యి పట్టుకుని ఆపింది. “అతనికేం తెలుసక్కా? ఉత్త నొప్పులన్నారు. తెలిసుంటే వెళ్ళేవాడా?” అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నేను వాడి మాటెత్తినా నాకు అదే జవాబు. తెలిసుంటే వెళ్ళేవాడా? ఆ మాట ముందు నా తిట్లేవీ నిలబడలేదు. వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

మరుసటి ఏడు ఆ రికార్డు వచ్చింది. అందులో రెండో వైపు చివర ఒక నెమ్మదైన పాట ఉంది. సగంలో గిటారు ఆగిపోతుంది. ఒక్క ఊపిరి పాటు ఏమీ వినపడదు. అప్పుడు జనంలోంచి ఎవడో “తొందరేం లేదు, కోయ్!” అని గట్టిగా అరుస్తాడు. ఆ కేక మీదే గిటారు మళ్ళీ లేస్తుంది. ఆ కేక పాటకంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత బ్యాండు ఎక్కడ వాయించినా సరిగ్గా ఆ చోటు రాగానే హాలంతా అదే అరిచేది. పెళ్ళిళ్ళలో అరిచారు, బంతాటల్లో అరిచారు, మా షెరీఫు ఎన్నికల్లో గెలిచిన రోజు కూడా ఎవడో అరిచాడు.

మిల్లులో మధ్యాహ్నం తిండి దగ్గర ఎవరో అడిగారట, “నువ్వు ఆ రాత్రి వెళ్ళావుగా వెండెల్, అరిచిందెవడో చూశావా?” అని. వీడు చేతిలో రొట్టె కింద పెట్టి, “చూసేదేంటి, నేనే,” అన్నాడట.

అంతే. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్ళు. ఆ మాట తర్వాత వాడి బతుకులో ఇంకేమీ జరగలేదు. మిల్లు మూతపడింది, వీడు టైర్ల షాపులో చేరాడు, జుట్టు ఊడింది, మోకాళ్ళు అరిగాయి. కేక మాత్రం ఏటికేడు లావెక్కింది. ట్రక్కు వెనక ఆ మూడు ముక్కలూ పెద్దక్షరాలతో రాయించాడు. చేపలు వేయించే హోటల్లో ఆ కథ చెప్పి వాడు ఊరికే తాగిన బీరుతో చెరువు నింపచ్చు. పొరుగూరి నుంచి ఎవడైనా ఆ బ్యాండు అభిమాని వస్తే వాణ్ణి ఇంటికి లాక్కొచ్చేవాడు. ఆ కథలో వాడికి బాగా ఇష్టమైన భాగం ఏదో తెలుసా? “ఆసుపత్రిలో పెళ్ళాం నొప్పులు పడుతోందండీ, అయినా వెళ్ళాను. అభిమానమంటే అదీ!” అనడం. ఆ మాట అనేటప్పుడు వాండా అక్కడే చల్లటి టీ పోస్తూ ఉండేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. అది గ్లాసులు నింపి లోపలికి వెళ్ళిపోయేది. మొగుడి పరువు కాపాడ్డానికి ఆడది ఎంత మింగుతుందో చూడాలంటే మా చెల్లెల్ని చూడాలి. నాకు అదంటే ప్రాణం, దాని ఓర్పంటే ఒళ్ళుమంట.

కోయ్ ఊరికి తిరిగొచ్చాక వెండెల్ ఒకరోజు ఎవరో ఇద్దర్ని వెంటేసుకుని ఆయన వాకిట్లోకి వెళ్ళాడు. ఆ రాత్రి అరిచింది ఇతనేనా అని వాళ్ళు అడిగారు. కోయ్ బఠాణీలు ఒలుస్తున్నాడు. వినపడే చెవి ఇటు తిప్పి మళ్ళీ అడిగించుకుని, నవ్వి, “అయ్యుండచ్చు,” అన్నాడట. మా వాడు దాన్ని ప్రభుత్వం ముద్ర వేసిన పట్టా అనుకున్నాడు.

అలాంటివాడికి కోయ్ చావు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కన్నీళ్ళు కారుస్తూనే కొత్త కోటు కొన్నాడు. కోయ్ అక్క ఎథెలిన్ గారు శవానికి జుట్టు దువ్వి సర్దమని నన్ను పిలిచారు. అది తెలిసి వెండెల్ నా షాపుకి పరిగెత్తుకొచ్చాడు. ఎన్నడూ లేనిది, టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ నించున్నాడు.

“వదినా, ఒక్క పాయ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క వెంట్రుకల పాయ తెచ్చిపెట్టు.”

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారే, వీడు జుట్టు కోసమే కాళ్ళు పట్టుకున్నాడు. చచ్చిన మనిషి తల గొరిగే రకాన్ని కాను నేను. ఆ సాయంత్రం షాపు ఊడ్చిన చెత్తలోంచి ఒక నెరిసిన పాయ తీసి దారం కట్టి ఇచ్చాను. అది మెథడిస్టు పాస్టరుగారి భార్యది. వెండెల్ దాన్ని అద్దం బిగించి గోడకి పెట్టాడు, ఈ రోజుకీ అక్కడే ఉంది.

అసలు గొడవ అంత్యక్రియల దగ్గర మొదలైంది. హార్గెట్లది కూడా ఆ మౌంట్ పిస్గా చర్చే, పాత బాప్టిస్టులది. అక్కడ వాయిద్యం మోగకూడదు. పియానో లేదు, ఆర్గాను లేదు, నోళ్ళే. ఏటా ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు, గొంతెత్తి పాడతారు, అంతే. వాండాదీ ఆ చర్చే. కోయ్ కూడా గిటారుని బయట బండిలోనే వదిలి లోపలికి వెళ్ళేవాడు. తనని అమ్మ పక్కన, ఆ చర్చి పద్ధతిలోనే పూడ్చమని ఆయనే చెప్పి పోయాడు. ఆయన మాట అంత స్పష్టంగా ఉంటే ఈ వీరాభిమానులేం చేశారు? పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు గిటార్లూ, స్పీకర్లూ, జెనరేటరూ ట్రక్కుల్లో వేసుకొచ్చారు. గిటారు లేకుండా కోయ్‌ని పూడ్చడం ద్రోహమట. ఆయన చావు ఎలా ఉండాలో ఆయనకంటే వాళ్ళకే బాగా తెలుసన్నమాట.

ఎథెలిన్ గారు ఎనభై దాటిన మనిషి, నిలువెత్తు కర్ర. గేటు దగ్గర నిలబడి ఒక్క స్పీకరూ దాటనివ్వలేదు. చివరికి వాళ్ళ ఏడుపు భరించలేక ఒక్కటి ఒప్పుకున్నారు. శవపేటిక దించాక, మట్టి వెయ్యకముందు, కంచె బయట నుంచి ఒక్క మనిషి, ఒక్కసారి ఆ కేక వెయ్యచ్చు. అసలు అరిచినవాడెవడో వాడే వెయ్యాలి. మూకంతా కలిసి అరిస్తే కుదరదన్నారు.

వెండెల్‌కి నిద్ర లేదు. రెండ్రోజులు షెడ్డులో తలుపేసుకుని సాధన చేశాడు. వాండా తేనె, నిమ్మరసం కలిపి ఇచ్చింది. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వాడు బొంగురు గొంతుతో, “వదినా, ఒక్కసారి, అందరి ముందూ. కోయ్ వింటుండగా. ఆ తర్వాత చచ్చినా ఫర్లేదు,” అన్నాడు.

“చావచ్చులే, ముందు టైర్ల షాపులో సెలవడుగు,” అన్నాను.

వాడు నవ్వలేదు. ఈ ఒక్క పని కోసమే పుట్టానన్నట్టు చూశాడు. ఆ చూపు చూస్తే నాకు అసహ్యం వేసింది. సొంత కొడుకు సమాధి దగ్గరికి ఏటా పూలు తీసుకెళ్ళేది వాండా, వీడు ఏనాడూ ఇంత తయారై వెళ్ళలేదు.

అంత్యక్రియల రోజు పొద్దున్న చర్చి పక్కన చెట్ల కింద బల్లలు వేశారు. ఆడవాళ్ళంతా గిన్నెలు తెచ్చారు. ఎవరి గిన్నె అడుగున వాళ్ళ పేరు రాసిన టేపు, లేకపోతే చావింటి గిన్నె మళ్ళీ ఇంటికి చేరదు. వాండా కోడిమాంసంలో పిండిముద్దలు వేసి ఉడికించిన పెద్ద గిన్నె తెచ్చింది. నల్ల చొక్కాలవాళ్ళు ప్రార్థన కాకముందే గుడ్ల పళ్ళెం ఖాళీ చేశారు. వాళ్ళలో ఒకడు బీరు సీసాల ఐస్ పెట్టెని తెచ్చి సమాధుల మధ్య ఒక చిన్న రాయి మీద పెట్టాడు. అది మా పిల్లాడి రాయి. వెండెల్ పక్కనే ఉన్నాడు, ఫ్లారిడావాడితో వాదిస్తున్నాడు, చూడలేదు. వాండా వెళ్ళి ఆ పెట్టెని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, నలిగిన గడ్డిని అరచేత్తో సర్ది వచ్చింది.

ఫ్లారిడావాడితో వాదన దేనికంటే, వాడూ తానే అరిచానంటాడు. పేరు ప్రెస్టన్, పడవలమ్ముతాడు, పళ్ళు మరీ తెల్లగా ఉంటాయి. టెనెసీ నుంచి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు కూడా తానేనంటాడు. ముగ్గురూ ఒకరికి వినపడేట్టు ఒకరు గొంతు సవరించుకుంటూ తిరుగుతున్నారు. అందరూ అరవై దాటినవాళ్ళే. కొట్టుకుంటారేమోనని చూస్తున్నాను, కొట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

అప్పుడు ఒక ముసలాయన మేనకోడలి కారు దిగి కర్ర పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. పేరడిగితే డాయల్ స్పివీ అన్నాడు. స్లో ఫెర్రీలో డ్రమ్ములు కొట్టినవాడు. ఆ మూకలో ఒక్కడూ ఆయన్ని గుర్తుపట్టలేదు. వీళ్ళ చొక్కాల మీద ఆయన బొమ్మ లేదు మరి. ఎథెలిన్ గారు ఆయన పేరు పెట్టి పలకరించాకే జనం ఈగల్లా మూగారు. ఆ ముగ్గురిలో ఎవడు అసలువాడో మీరే తేల్చాలన్నారు.

డాయల్ గారు ముగ్గుర్నీ పరకాయించి చూసి, ఊరివాడని ముందు మా వాణ్ణి పిలిచారు.

“ఒక్కటే అడుగుతానయ్యా. ఆ శనివారం రాత్రి కోయ్ ఎలా వాయించాడు? నిలబడా, కూర్చునా?”

“నిలబడే,” అన్నాడు వెండెల్. “ఎడంకాలు ముందుకి పెట్టి, ఎప్పట్లాగే. నేను ఇదిగో, ఇంత దగ్గర్లో ఉన్నా.”

“రికార్డు అట్ట మీద అలాగే ఉంటుంది. అది వేరే ఊళ్ళో తీసిన బొమ్మ,” అన్నారాయన. “రెండ్రోజుల ముందు బస్సు మెట్ల మీంచి పడి కోయ్ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ రాత్రంతా కుర్చీలో కూర్చునే వాయించాడు. కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని.”

“నేను అదే చెప్పబోతున్నా, కూర్చునే!” అన్నాడు ప్రెస్టన్. డ్రిల్లు మాస్టారు ఎవరూ అడక్కుండానే తన సీటు స్తంభం వెనకాల వచ్చిందన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

డాయల్ గారు టీ తాగి గ్లాసు కింద పెట్టారు. ఆ రోజు హాలు సగం కూడా నిండలేదని, ఇప్పుడు ఆ రాత్రి అక్కడున్నామని చెప్పేవాళ్ళందర్నీ పోగేస్తే మూడు హాళ్ళు కూడా చాలవని అన్నారు. అసలు ఆ కేక హాల్లో ఎవరూ వెయ్యలేదట. కంపెనీవాడు రికార్డు విని అక్కడ బోసిగా ఉంది, జనం ఉన్నట్టు ఏదైనా అరవండి అన్నాడట. “నేనే అరిచా, స్టూడియోలో. నోట్లో హామ్ సాండ్‌విచ్ ఉంది. సరిగ్గా వింటే తెలుస్తుంది,” అన్నారు.

నల్ల చొక్కాలవాళ్ళు ముందు బిత్తరపోయారు, తర్వాత పడీ పడీ నవ్వారు. పొద్దున్నుంచీ వెండెల్‌ని 'అన్నా' అన్న నోళ్ళే అవి. ఒకడు వాడి ట్రక్కు దగ్గరికి వెళ్ళి వెనక రాతతో ఫొటో తీసుకున్నాడు. ఇద్దరు డాయల్ గారి చుట్టూ చేరి ఆ కేక ఇప్పుడు మీరే వెయ్యాలని బతిమాలడం మొదలుపెట్టారు. తనకి ఊపిరి పీల్చుకోవడమే కష్టంగా ఉంది, కేకలెక్కడివన్నారాయన. నాకు పండగలా ఉంది. ఇన్నేళ్ళూ వాడి సొల్లు విన్నందుకు దేవుడు కూలి ఇచ్చాడనుకున్నాను. నవ్వుదామని వాండా వైపు తిరిగాను.

వాండా గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. దాని మొహంలో నవ్వు లేదు, సిగ్గూ లేదు. నాకు తట్టనిది దానికి తట్టింది.

“అయితే నువ్వు అట్లాంటా వెళ్ళలేదు,” అంది.

వెండెల్ నేల చూపులు చూశాడు.

“మరి ఆ రాత్రి ఎక్కడున్నావ్?”

“ఇక్కడొద్దు వాండా. ఇంటికెళ్ళాక చెప్తా.”

“ఇక్కడే చెప్పు.”

చెప్పాడు. బయల్దేరిన మాట నిజమే, జార్జియా సరిహద్దు దాకా వెళ్ళాడు. మనసొప్పక వెనక్కి తిప్పాడు. చీకటి పడేసరికి ఆసుపత్రిలోనే ఉన్నాడు, కింద అంతస్తులో, కాఫీ మిషను పక్కన బల్ల మీద. రాత్రి ఒక నర్సు దిగి వచ్చి, కొడుకు పుట్టాడు, ఎక్కువసేపు ఉండడు, మీ ఆవిడ మీ కోసం అడుగుతోంది, పైకి రండి అంది. వస్తున్నానన్నాడు. మెట్ల దాకా వెళ్ళాడు. అక్కణ్ణించి బయటికి వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. తెల్లారేదాకా అందులోంచి కిటికీలు చూస్తూ కూర్చున్నాడు.

“నా చేతుల్లోనే పోతాడేమోనని భయమేసింది,” అన్నాడు. సైరను లాంటి గొంతు గుసగుసలోకి దిగింది. “పొద్దున నీ మొహం చూశాక కిందే ఉన్నానని నోరు రాలేదు. కచేరీకి వెళ్ళానని చెప్పేశా. వెధవననుకుంటావ్, అంతేగా అనుకున్నా.”

వాడి కోసం నా దగ్గర నలభై ఏళ్ళుగా దాచిన తిట్లున్నాయి. ఒక్కటీ అక్కడ సరిపోలేదు. జాలి వేసిందని చెబితే అబద్ధం. ఊళ్ళో అందరిచేతా భార్యని వదిలేసి పాటకి పోయిన పోకిరీ అనిపించుకున్నాడు, దాన్నే గొప్పగా చెప్పుకుని బీర్లు తాగాడు. ఇదంతా ఆ మెట్లు ఎక్కలేదని ఎవరికీ తెలియకుండా ఉండడానికి. పిరికివాళ్ళని చాలామందిని చూశాను. పిరికితనం మీద ఇంత పెద్ద ఇల్లు కట్టినవాణ్ణి చూడలేదు.

వాండా గరిటె గిన్నెలో పెట్టి, రేకు కాగితం కప్పి, పాటకి పిలుస్తుంటే చర్చిలోకి వెళ్ళింది. కిటికీలు తెరిచే ఉన్నాయి. లోపల పాతిక ముప్పై ముసలి గొంతులు వాయిద్యమేమీ లేకుండా పాడాయి. దాని గొంతు నాకు విడిగా తెలుస్తూనే ఉంది, ఎక్కడా వణకలేదు. అరిచే హక్కు కోసం కొట్టుకున్నవాళ్ళు టోపీలు తీసి కంచె దగ్గర నోళ్ళు మూసుకుని నించున్నారు. ఆ వారంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. పేటిక దించారు. కేక వెయ్యాల్సిన చోట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎథెలిన్ గారు కాసేపు ఆగి, పారల వాళ్ళకి తల ఊపారు.

భోజనాలయ్యాక వెండెల్ ట్రక్కు దగ్గర నిలబడ్డాడు. వాండా వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఏ రోజూ తీసేవాడు కాదు. వాండా బల్ల మీద తన గిన్నె వెతికి తీసుకుంది, వాడి ముందు నుంచే నడిచొచ్చి నా కారు వెనక సీట్లో పెట్టింది.

“ఇంటికి పోదాం వాండా,” అన్నాడు వాడు.

అది కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. అరవలేదు, ఏడవలేదు. పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“నువ్వు వెళ్ళిపోయావని నేనెప్పుడూ కోపం పెట్టుకోలేదు వెండెల్. నీకు తెలీదనుకున్నా. ఇన్నేళ్ళూ నీతో ఉన్నది ఆ ఒక్క మాట మీదే.”